గొడుగు అన్న మాట దగ్గర

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చి ఎంతో కాలం కాలేదు. ఒత్తులు జారిపోతుంటాయి, దీర్ఘాలు మరిచిపోతుంటాను. ఒక పేజీ రాయడానికి పొద్దున టీ దగ్గర మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం అవుతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి. కథలో మాత్రం తప్పులుండవు. చాలావరకు నా కళ్ళ ముందు జరిగింది. కళ్ళ ముందు జరగనిది చెవుల ముందు జరిగింది.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ బస్సు బోర్డులు ఆయనే చదివేవాడు. ఆయన పోయాక నేను ఎక్కిన బస్సులు సగం నేను వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదు. ఒకరోజు ఆస్పత్రిలో మందుల కోసం కూర్చుంటే నర్సమ్మ గోడ మీద అంటించిన కాగితం చదివి వినిపించింది. యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేస్తున్నారట. చదువు రాని పెద్దవాళ్ళు కావాలట. చదువు రాకపోవడం కూడా ఒక అర్హతేనని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడే వెళ్ళాను.

ఆరోజు వాన. ఆ భవనంలో మెట్ల కింద బెంచీ మీద కూర్చుని తడిసిన చెప్పులు విదిలించుకుంటున్నాను. పైనుంచి ఒక అమ్మాయి దిగుతోంది, చేతిలో నీలం గొడుగు. కిందినుంచి ఒక అబ్బాయి ఎక్కుతున్నాడు, చేతుల్లో గడ్డం దాకా వచ్చే అట్టపెట్టె. అతనికి ముందేముందో కనబడదు. ఆమె చూపేమో కిటికీ బయట వాన మీద ఉంది. వేలు గొడుగు బటన్ మీద పడింది. టప్పున తెరుచుకుంది. పెట్టె తిరగబడి, అందులోని అట్టముక్కలన్నీ మెట్ల నిండా పరుచుకున్నాయి.

"మెట్ల మీద ఎవరైనా గొడుగు తెరుస్తారా?" అన్నాడు అబ్బాయి.

"మెట్ల మీద ఎవరైనా అట్టలు ఆరబోస్తారా?" అంది అమ్మాయి.

"నేను ఆరబోయలేదు. మీరు ఆరబోయించారు."

"సరే, ఏరి ఇస్తాను. దానికి ఏడుపు మొహం పెట్టాలా?"

"ఇది నా మామూలు మొహమేనండి."

ఆ అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వింది. "అయితే సారీ. పెట్టెకీ, మొహానికీ."

ముగ్గురం ఏరాం. ఒక్కో అట్ట మీద ఒక్కో అక్షరం. రాత్రి కూర్చుని వరుసలో పేర్చుకున్నాడట పాపం. ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుని, మళ్ళీ పేర్చేద్దాం ఇవ్వండి అంది. నేను రెండు మెట్ల కింద కూర్చుని అట్టలు అందిస్తున్నాను. నేను తలకిందులుగా ఇచ్చినవి ఆ అబ్బాయి ఏమీ అనకుండా తిప్పి పెట్టుకునేవాడు.

"ళ తర్వాత క్ష," అంది ఆమె.

"మరి బండి ఱ?"

"దాన్ని ఎవరు అడుగుతారండి ఈరోజుల్లో? వదిలేయండి."

"వదిలేస్తే బాధపడుతుంది. ఉండనివ్వండి, చివర కూర్చుంటుంది."

పెట్టె తగిలిన దెబ్బకి గొడుగు ఊచ ఒకటి వంగిపోయి ఉంది. అతను అట్టల కట్టకి ఉన్న ఎర్ర రబ్బరు బ్యాండు తీసి, ఊచని నిలబెట్టి కట్టి ఇచ్చాడు. ఆమె తెరిచి చూసి, పనిచేస్తోందే అంది. అంతసేపూ వాళ్ళు ఒకరి పేరు ఒకరు అడగలేదు.

అప్పుడే పెద్ద మేడం వచ్చింది. ఆ పరిశోధనంతా ఆమె నడుపుతోంది, ఆ ఇద్దరూ ఆమె దగ్గర డాక్టరేట్ చేసే విద్యార్థులు. అతను కొత్తగా చేరాడు. ఆ అమ్మాయి చేరి రెండేళ్ళయింది. మెట్ల మీద ఇద్దరినీ చూసి, "అప్పుడే కలిసిపోయారా? మంచిదే. ఇక విడిపోండి," అంది.

ఆ మాటకి అర్థం మాకు కాసేపటికి హాల్లో తెలిసింది. నాలాంటివాళ్ళు నలభైమంది దాకా కూర్చున్నారు.

"మనిషి ఎందుకు భయపడతాడు, ఎందుకు నవ్వుతాడు, నేర్చుకున్నది ఎందుకు మరిచిపోతాడు, ఇవన్నీ మెదడులో ఎక్కడ మొదలవుతాయో చదివే చోటు ఇది," అంది పెద్ద మేడం. "పెద్ద వయసులో చదువు నేర్చుకుంటే మెదడులో ఏం మారుతుందో చూడాలి. మీలో సగంమందికి అక్షరాలు నేర్పుతాం, సగంమందికి కుట్టుపని. పది నెలలయ్యాక కుట్టువాళ్ళకీ అక్షరాలు నేర్పుతాం. ఎవరు ఎటన్నది కంప్యూటరు చీటీ తీస్తుంది."

"కుట్టు దేనికండీ మధ్యలో?" అన్నాడు ఒక పెద్దాయన. బస్సు డిపోలో పనిచేసి దిగిపోయిన మనిషి. టికెట్టు చూపించమన్నట్టే ఉంటుంది ఆయన గొంతు. అందరం ఆయన్ని కండక్టరు తాతే అనేవాళ్ళం. ఆ భవనంలో ఎవరి పేరూ వాడకూడదు, అదో పద్ధతి. అందరికీ నంబర్లు. నాది పద్నాలుగు.

"ఇంట్లోంచి వచ్చి నలుగురితో కూర్చున్నా మెదడు మారుతుంది తాతగారూ. అది వేరు, అక్షరాలు తెచ్చే మార్పు వేరు. రెండూ విడదీయాలంటే ఇద్దరూ ఉండాలి."

తర్వాత ఆ అమ్మాయిని ముందుకి పిలిచింది. "ఈమె ప్రతి నెలా మీ తలకి టోపీ పెట్టి మెదడు గీతలు తీస్తుంది. మీరు ఏ క్లాసులో ఉన్నారో ఈమెకి తెలియకూడదు. తెలిస్తే, వీళ్ళకి చదువొచ్చింది కదా అని మనసు ఆశపడుతుంది. ఆశపడిన మనసు లేనిది కూడా చూస్తుంది. అప్పుడు ఈమె డాక్టరేట్ చెత్తబుట్టలోకే. కాబట్టి ఎవరూ చెప్పకండి."

ఆ అబ్బాయిని చూపించి, "ఈయన అక్షరాల మాస్టారు. కింది అంతస్తు ఈయనది, పై అంతస్తు ఆమెది. క్లాసులు అయ్యేదాకా మీరిద్దరూ మాట్లాడుకోకండి. మీరు రెండు మాటలు మాట్లాడితే మూడో మాట వీళ్ళ గురించే వస్తుంది," అంది.

అతను తలూపాడు. ఆమె తలూపింది. ఇద్దరి చేతులకీ మెట్ల మీది తడి ఇంకా ఆరలేదు.

నాకు అక్షరాల చీటీ వచ్చింది. కండక్టరు తాతకీ అదే. మాస్టారు బాగా చెప్పేవాడు. విసుక్కోడు. తప్పు రాస్తే, "ఇది కూడా ఒక అక్షరమే పెద్దమ్మా, మనది కాదు అంతే," అనేవాడు. రోజూ బోర్డు మీద ఒక కొత్త వాక్యం రాసి మాతో చదివించేవాడు.

ఒకరోజు 'ఆమె గొడుగు నీలం' అని రాశాడు.

మర్నాడు 'గొడుగు తడిసింది. ఆమె తడవలేదు.'

ఆ తర్వాత 'ఆమె గొడుగు మరిచిపోయి మళ్ళీ వచ్చింది.'

కండక్టరు తాత చెయ్యెత్తాడు. "మాస్టారూ, ఈ ఆమె ఎవరు?"

"ఎవరో ఒకామె తాతగారూ. వాక్యం కోసం."

"మొన్నా ఈమే, నిన్నా ఈమే. వాక్యాలు మారినా మనిషి మారలేదే?"

"గొడుగు అన్న మాటలో గకారం రెండు గుణింతాల్లో వస్తుందండి. నేర్చుకోవడానికి మంచిది."

"గుడిసెలో కూడా వస్తుంది, గంగాళంలో కూడా వస్తుంది. దాన్ని కూడా రాయండి మరి."

మాస్టారు బోర్డు వైపు తిరిగి 'గుడిసె' అని రాశాడు. కాసేపు ఆగి దాని పక్కన 'లోకి ఆమె గొడుగు మూసి వెళ్ళింది' అని రాశాడు. క్లాసంతా ఘొల్లున నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె ఎవరో నాకు మొదటి వాక్యానికే తెలిసింది, మిగతావాళ్ళు వారంలోనే కనిపెట్టేశారు. మర్నాడు వాన వెలిశాక గేటు దగ్గర టోపీ అమ్మాయి నీలం గొడుగు విదిలిస్తోంది. ఊచకి ఎర్ర రబ్బరు బ్యాండు. తాత నా మోచేతిని పొడిచాడు. "పద్నాలుగూ, గుణింతం వస్తోంది చూడు."

మేం ఎవ్వరం నోరు విప్పలేదు. విప్పకూడదు కదా. కానీ ఆరోజు నుంచీ బోర్డు మీద ఆ మాట కనబడగానే మా అందరికీ లోపల ఏదో వెచ్చగా అయ్యేది. చదువు అంత తియ్యగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

క్లాసు అయ్యాక మేం గుంపుగా బయటికి వచ్చేవాళ్ళం. పై అంతస్తు కిటికీలో ఆ అమ్మాయి నిలబడేది. మమ్మల్ని మాస్టారితో కలిపి చూస్తే ఎవరు ఏ క్లాసో తెలిసిపోతుంది కదా. అందుకని రెండు చేతులతో కళ్ళు మూసుకునేది. కళ్ళు మూసుకునే మనిషి కిటికీ దగ్గరికి రావడం ఎందుకు? నాకు అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. మేమంతా మలుపు తిరిగి వెళ్ళిపోయాక, మాస్టారు ఒక్కడే గదికి తాళం వేసుకుని వస్తాడు. అప్పుడు చేతులు తీస్తుంది.

అది తెలిశాక మేం నడక పెంచాం.

"పదండి పదండి," అనేదాన్ని.

"నా మోకాలు ఏమైపోవాలి?" అనేవాడు తాత.

"మోకాలుకి సాయంత్రం మందు రాసుకోండి. ఆ పిల్ల ఎంతసేపని కళ్ళు మూసుకుంటుంది?"

మాస్టారు మాత్రం ఒక్కసారి కూడా తలెత్తి పైకి చూసేవాడు కాదు. వరండాలో ఆమె ఎదురైతే వెనక్కి తిరిగి ఇంకో దారిన వెళ్ళేవాడు. ఒకసారి క్యాంటీన్లో ఆమె అతన్ని చూసి తలూపిందట. అతను సగం తాగిన టీ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడట. నాకు చెప్పింది క్యాంటీన్ అతను. "అప్పు పెట్టిపోయాడేమో అనుకున్నా పెద్దమ్మా. అంత పరుగు."

నెలకోసారి నా వంతు వచ్చేది. పైకి వెళితే ఆ అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తీగలున్న టోపీ తలకి తొడిగి, ఒక్కో చిల్లులో చల్లటి జిగురు పెట్టేది. "నిద్రపోకండి, పళ్ళు కొరక్కండి, నవ్వకండి. నవ్వితే గీతలు చెడతాయి," అనేది. ఎదురుగా తెర మీద మాటలు ఒక్కొక్కటీ వచ్చి పోయేవి. చదవక్కర్లేదు, చూస్తే చాలు. మొదటి నెల అవి నాకు చీమలు. తర్వాత తర్వాత బల్ల, సంచి, తాడు, గిన్నె. ఒక్కోసారి గొడుగు. అది వచ్చినప్పుడు పళ్ళు బిగబట్టుకుని నవ్వు ఆపుకునేదాన్ని.

ఒకరోజు టోపీ సర్దుతూ ఆ అమ్మాయి గోడకి చెబుతున్నట్టు అంది. "కొంతమందికి చిన్న దెబ్బ తగిలినా జీవితమంతా పగే పెద్దమ్మా. ఎదురుపడితే దెయ్యాన్ని చూసినట్టు పారిపోతారు."

నాకు నాలుక దురద పెట్టింది. పగ కాదే పిచ్చితల్లీ, రోజూ నీ గొడుగే చదువుతున్నాం అని చెప్పాలి. చెబితే ఆమె డాక్టరేట్ పోతుంది.

"ఎవరమ్మా?" అన్నాను.

"ఎవరో ఒకరు. మీకు తెలియకపోవచ్చు. తెలిసినా చెప్పకండి." ఆమె గాభరాగా తన చెవులు మూసుకుంది. "అసలు నేను అడగలేదు అనుకోండి. కదలకండి, మొదలుపెడుతున్నా."

ఆరోజు నా గీతలు ఎలా వచ్చాయో దేవుడికే తెలియాలి.

క్లాసులు అయిపోవస్తుండగా మాస్టారు ఒకరోజు డీలాగా వచ్చాడు. బోర్డు మీద 'గొడుగు మూసి ఉంది' అని రాసి కూర్చున్నాడు.

"ఏం మాస్టారూ, వాన తగ్గిందా?" అన్నాడు తాత.

మేం వదల్లేదు. చివరికి చెప్పాడు. ఇక్కడ అతని పని పది నెలలకే. మిగతా చదువు వేరే ఊళ్ళో, వేరే ల్యాబులో. క్లాసులు అయ్యాక ఫలితాలు చెప్పే రోజు సాయంత్రమే రైలు.

"అయితే ఈలోగా వెళ్ళి ఒక్క మాట చెప్పు బాబూ," అన్నాను. "ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది పెద్దమ్మా." అతను బోర్డు పెన్ను చేతిలో తిప్పుతూ అన్నాడు. "ఆమె రాసే ప్రతి అంకె కిందా, మేం మాట్లాడుకోలేదన్న నమ్మకం ఉంది. అది కదిలితే అంకెలన్నీ కదులుతాయి. మూడేళ్ళ పని ఆమెది. నాకోసం దాన్ని కదిలిస్తే, ఆ తర్వాత ఏ మొహంతో ఏం చెప్పినా ఏం లాభం?"

"మరి ఆ పిల్ల నువ్వంటే గిట్టదనుకుంటోంది" అనబోయి నోరు మూసుకున్నాను. పైమాట కిందికి చెప్పినా తప్పే కదా. నా బతుకులో అన్ని మాటలు మింగిన ఏడాది ఇంకోటి లేదు.

"ఫలితాల రోజు మీటింగ్ అవగానే చెబుతాను. అప్పటికి ఎవరు ఏ క్లాసో ఆమెకి చెప్పేసి ఉంటారు, నియమం ఉండదు," అన్నాడు.

"ఏం చెబుతావో ఒకసారి చెప్పి చూపించు," అన్నాడు తాత. "మేమంతా తప్పులు దిద్దుతాం."

ఫలితాల రోజు నలభైమందీ వచ్చాం. బిస్కెట్లు, టీ. అప్పటికి ఎవరు ఏ క్లాసో ఆ అమ్మాయికి చెప్పేశారు. ఆమె మైకు పట్టుకుని తెర మీద రంగు గీతలు చూపిస్తూ, పెద్దవాళ్ళ మెదడు కూడా కొత్త దారి వేసుకుంటుందని, అక్షరాలు నేర్చుకున్నవాళ్ళ గీతలు మాటల దగ్గర ఎలా లేస్తున్నాయో వివరించింది. కుట్టుక్లాసువాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. మాస్టారు చివరి వరసలో గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఆమెని తిన్నగా చూస్తున్నాడు.

"కానీ ఒక చిక్కు ఉంది," అంది ఆమె. గొంతు తగ్గింది. "నేను నూట ఇరవై మాటలు ఏరుకున్నాను. ఏ మాట మీదా ఎవరికీ ఇష్టం గానీ కోపం గానీ ఉండకూడదని ఏరి ఏరి పెట్టుకున్నాను. అక్షరాల క్లాసువాళ్ళలో ఒక్క మాట దగ్గర మాత్రం గీత కొండలా లేచింది. అందరిలోనూ. నవ్వారేమో అనుకుని నవ్వు గీతలు తీసేశాం. అయినా కొండ కొండలాగే ఉంది. అది ఎందుకొచ్చిందో చెప్పలేకపోతే పరీక్ష చేసేవాళ్ళు మిగతాదంతా కూడా నమ్మరు. నా పని ఆగిపోతుంది. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. మీ అందరికీ గొడుగుతో ఏమైనా జరిగిందా?"

తెర మీద గీత కనబడింది. కొండే.

మా సగం హాలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. తర్వాత ఒక్కొక్క తలా వెనక్కి తిరిగింది. మాస్టారి మొహం మా బోర్డంత తెల్లగా ఉంది. మా బోర్డు తెల్లది.

అతను తలుపు దగ్గరే ఉన్నాడు. బయటికి పోవచ్చు. సాయంత్రం రైలు ఎలాగూ ఉంది. అలా పోకుండా ముందుకి వచ్చాడు.

"తప్పు నాదండి. ఆ మాట బోర్డు మీద రోజూ రాశాను."

"రోజూనా?" అందామె. "ఎందుకు?"

"గుణింతం కోసం..."

"మాస్టారూ," అన్నాడు కండక్టరు తాత, టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్న గొంతుతో.

అతను ఇంకో అడుగు ముందుకి వేశాడు. "అది మీ గొడుగు కాబట్టి."

కుట్టుక్లాసులో ఎవరో "ఆఁ?" అన్నారు. ఎవరిదో టీకప్పు బల్ల మీద టక్కుమంది.

ఆ అమ్మాయి అలవాటుగా పెన్ను తీసింది. "ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"మొత్తం ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదండి."

"లెక్కపెట్టాలి కదా," అంది. మైకు బల్ల మీద పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కారణం దొరికింది. ఒక్క మాట తీసేసి, ఎందుకు తీశామో రాస్తే పరీక్షకులు ఒప్పుకుంటారు. ఆమె పనికి ఏం కాదు." మాస్టారి వైపు చూసింది. "నీ పని సంగతి నాకు తెలియదు. ఇప్పుడు పైకి వెళ్ళడానికి అడ్డేం లేదు."

ఆ వానరోజు తర్వాత అతను ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. మేమంతా మెట్ల కింద చేరాం. వినలేదని చెప్పను. పెద్ద మేడం కూడా ఉంది, టీకప్పుతో.

"మీ పనికి ఏం కాదట," మాస్టారి గొంతు. "మేడం చెప్పారు."

"తెలుసు. ఒక మాట పోతే పోయింది." అంది ఆమె. "కోపం దాని గురించి కాదు. నన్ను చూస్తే పారిపోయేవారు. నా గొడుగు గురించి మాత్రం ఇరవైమందికి పాఠం చెప్పారు. నేను ఇన్నాళ్ళూ ఏమనుకున్నానో తెలుసా?"

"తెలియదండి. తెలుసుకోకూడదు కదా."

"మీరంటే... పోనీయండి. ఏ మాటైతే ఎవరికీ ఏమీ అనిపించదో అదే ఏరుకున్నా. గొడుగంటే ఎవరికేం అనిపిస్తుంది అనుకున్నా."

"నాకు అనిపించింది."

కింద మాలో ఎవరో నిట్టూర్చారు. "ఏమన్నాడు?" అన్నాడు తాత. ఆయనకి ఎడమ చెవి వినపడదు. ఎవరో ఆయన నోరు మూశారు.

"కావాలంటే నాకు టోపీ పెట్టి చూడండి," అన్నాడు మాస్టారు.

"దేనికి? టోపీ పెడితే లోపల ఏదో కదిలిందని తెలుస్తుంది. అది ప్రేమో, భయమో, అజీర్తో గీత చెప్పదు. మూడేళ్ళు చదివి నేను నేర్చుకున్నది అదే. అది మనిషే చెప్పాలి."

మాస్టారు మాకు చెప్పి చూపించిన మాటలు చాలా బాగుండేవి. మేం తప్పులు కూడా దిద్దాం. అందులో ఒక్కటి కూడా ఆ వేళకి అతని నోటికి రాలేదు.

"రోజూ క్లాసుకి ముందు వేరేది రాద్దామనే అనుకునేవాణ్ణండి. ఒకరోజు నిచ్చెన గురించి మొదలుపెట్టాను. చూస్తే నిచ్చెన ఎక్కింది కూడా మీరే. పిల్లి గురించి రాస్తే ఆ పిల్లిని పెంచుకుంటోందీ మీరే. నాకు వచ్చిన వాక్యాలన్నిట్లో మీరే ఉన్నారు. మీరు లేకుండా ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. అంతే. ఇంకేం లేదు."

కింద మేమంతా ఇంకో మెట్టు ఎక్కాం.

"మీరు గదికి తాళం వేస్తారు," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "తాళంచెవి జేబులో వేసుకుని నాలుగడుగులు వేస్తారు. అనుమానం వచ్చి వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తారు. రోజూ. నేను పైనుంచి, పడింది లెండి పదండి, అనుకునేదాన్ని. రోజూ."

"మీరు చూసేవారా?"

"మా పెద్దవాళ్ళంతా మలుపు తిరిగాక. అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉండేదాన్ని. ఈమధ్య పాపం అందరూ చాలా త్వరగా వెళ్ళిపోయేవారు."

నేను తాత మోకాలు వైపు చూశాను. ఆయన దాన్ని గర్వంగా నిమురుకున్నాడు.

"సాయంత్రం రైలుకి వెళ్ళిపోతున్నానండి," అన్నాడు మాస్టారు.

"వెళ్ళండి. మీ పని ఆపమని నేనెందుకు అంటాను? థీసిస్ రాసుకుని రండి. ఇక మాట్లాడుకోవచ్చు కదా, ఫోన్లు ఉన్నాయి. ఒక్కటే షరతు. ఆ 'అండి' తీసేయ్."

"సరేనండి."

"ఏమంది?" తాత ఈసారి ఎవరికీ దొరకలేదు. గట్టిగానే అడిగాడు.

పైనుంచి ఆ అమ్మాయి గొంతు వినబడింది. "ఒప్పుకున్నా తాతగారూ. ఇక మీరందరూ టీ తాగండి."

రెండేళ్ళు తిరిగేసరికి మాస్టారు చదువు ముగించుకుని వచ్చాడు. మధ్యలో ఒక్క ఘట్టం మిగిలింది, అమ్మాయి వాళ్ళ ఇల్లు. అతని తరఫున పెద్దవాళ్ళెవరూ లేరు, పెంచిన అక్క దూరాన ఉంది. అందుకని నన్నూ తాతనీ వెంట తీసుకెళ్ళాడు. తాత ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

అమ్మాయి వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాట పొదుపు. వాళ్ళమ్మ ఆ పొదుపంతా ఖర్చు పెట్టేది.

"ఇద్దరూ మెదళ్ళు చదివేవాళ్ళే," అంది ఆమె. "ఒకరు మెదడూ, ఒకరు బ్యాంకూ అయితే ఇల్లు నడుస్తుంది. ఇద్దరూ మెదడే అయితే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? పైగా అబ్బాయికి ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదాయె. మెట్ల మీద గుద్దుకున్నంత మాత్రాన పెళ్ళిళ్ళు చేసేస్తామా వదినగారూ?"

ఆ వదినగారు నేనే. అమ్మాయి తలుపు పక్కన నిలబడి గోరు కొరుకుతోంది. మాస్టారు నీళ్ళగ్లాసు అలా పట్టుకునే కూర్చున్నాడు. వాళ్ళమ్మ కాదంటే ఆ పిల్ల ఎదిరించదు, అలాంటి పిల్ల కాదు. అందరి చూపూ వాళ్ళ నాన్న మీదికి వెళ్ళింది.

ఆయన చేతి గ్రీజు మరక గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు. "బాబూ, పది నెలలు ఒకే భవనంలో ఉండి మా అమ్మాయితో ఒక్క మాట మాట్లాడలేదట. నిజమేనా?"

"నిజమేనండి."

"మాట్లాడాలని ఉండి కూడా?"

"రోజూ ఉండేదండి."

"మరి ఎందుకు మాట్లాడలేదు?"

"మాట్లాడితే ఆమె పని చెడిపోతుందండి."

ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. భార్య వైపు తిరిగాడు. "పిల్ల మీద ఇష్టం ఉందనేవాళ్ళు వందమంది వస్తారు. పిల్ల పని చెడకూడదని నోరు కట్టేసుకున్నవాణ్ణి నేను ఇతన్నే చూశాను. నేనైతే నీ టైలరింగు పరీక్షలప్పుడు నీ వెనకాల తిరిగి నువ్వు ఫెయిలయ్యేలా చేశాను, గుర్తుందా?"

"గుర్తు లేకేం," అంది వాళ్ళమ్మ. "ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నా కదా."

"అందుకే చెబుతున్నా. ఇతనికి ఇచ్చేద్దాం."

వాళ్ళమ్మ కాసేపు మాస్టారిని ఎగాదిగా చూసింది. ఆయన్ని చూసింది. తలుపు పక్కనున్న కూతుర్ని చూసింది. "ఆ నీళ్ళు తాగు బాబూ, ఎంతసేపు పట్టుకుంటావు?" అంది. "పొయ్యి వెలిగించడం వచ్చా?"

"వచ్చండి. మా అక్క నేర్పింది."

"అయితే ఇంకేం. వంటగదిలోకి రా, టీ పెట్టి చూపించు."

అతను లేచి వెళ్ళాడు. అమ్మాయి వెనకే వెళ్ళింది. లోపలి నుంచి చక్కెర ఎక్కడుందని అతనూ, కళ్ళ ముందే ఉంది కనబడటం లేదా అని ఆమే, మెదళ్ళు చదివేవాళ్ళకి డబ్బాలు కనబడవా అని వాళ్ళమ్మా. తాత నా వైపు వంగి ఏమంటున్నారు అని అడిగాడు. ఇచ్చేస్తున్నారు అన్నాను.

పెళ్ళయింది. వాళ్ళిప్పుడు మా ఎదురువాటాలోనే అద్దెకుంటున్నారు. పది నెలలు నోరు కట్టుకున్న ఇద్దరూ ఆ బాకీ అంతా ఇప్పుడు తీర్చుకుంటున్నారు. పొద్దున లేస్తే మాటలు, తలుపు తెరిస్తే మాటలు, మెదడు గురించి, కూరగాయల గురించి, బల్బు ఎవరు మార్చాలన్న దాని గురించి. మధ్యలో నవ్వులు. మధ్యాహ్నం నాకు కునుకు పడితే ఒట్టు. ఇది రాస్తున్నప్పుడు కూడా, నువ్వే అన్నావు, నేననలేదు, అని వినబడుతోంది. కిటికీ మూద్దామని లేచాను. మూయబుద్ధి కాక మళ్ళీ కూర్చున్నాను.

ఇట్లు,
పద్నాలుగో నంబరు పెద్దమ్మ,
వయసు అరవై ఏడు,
కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన, రెండో అంతస్తు, ఎడమ వైపు వాటా.